ఉరై పెద్దమ్మ పది సినిమాలు

ఆ ఉదయం వంటింట్లో అన్నం ఆవిరి ఏదో, బయటి నుంచి లోపలికి వస్తున్న వాన తేమ ఏదో తెలియడం లేదు. లమై వెదురు బుట్టలోని జిగురు అన్నాన్ని చెక్కపళ్ళెంలో బోర్లించి గరిటెతో మడతలు పెడుతోంది. కూతురు ఫాయి పక్కన కూర్చుని అరటాకులు తుడుస్తోంది. భిక్షువులు వానాకాలం మూడు నెలలూ గుడిలోనే ఉండిపోయే వర్షావాసం మొదలయ్యే రోజది. గుడిలో అన్నం ఇచ్చి రావాలి. వచ్చాక, ప్రతి ఏడాదిలాగే ఇంటిల్లిపాదీ చాప మీద కూర్చుని తమకిష్టమైన పది సినిమాల జాబితాలు బయటికి తీయాలి.

"నీ పది రాసుకున్నావా?" అంది లమై.

"ఊఁ."

"పోయినేడు లాగా తాతయ్య అడగ్గానే తల దించుకుని కూర్చోకు. నీ గొంతు దోమకి కూడా వినబడదు."

"ఎవరి గొంతు ఎట్లా ఉన్నా నాకనవసరం. ఈసారి నా జాబితాలోంచి 'ఎముకల బావి' సినిమాని కొట్టేశారంటే మాత్రం ఊరుకోను!" అని మెట్ల కింద నుంచి కేకేశాడు ఫాయి తండ్రి సవేంగ్. పెళ్ళి చేసుకుని అతను ఈ అత్తవారింటికి వచ్చి పదిహేడేళ్ళయింది. "ఆ దయ్యాన్ని చూసి నువ్వు నా చెయ్యి పట్టుకోబట్టే కదా మన పెళ్ళి జరిగింది?"

"దయ్యాన్ని చూసి పట్టుకోలేదు. నువ్వు భయంతో బల్ల మీద నుంచి పడిపోతుంటే పట్టుకున్నాను," అంది లమై.

ఫాయి నవ్వింది. కానీ ఆమె మనసంతా సందు చివర ఉన్న నూడుల్స్ కొట్టు మీదే ఉంది.

ఆ ఇంట్లో ఈ జాబితాల అలవాటు తాతయ్య ఖంపన్ పెట్టింది. ఒకప్పుడు ఆయన మూన్ నది వెంట ఊరూరా తిరిగి సినిమాలు వేసే బృందంలో గొంతు మనిషి. ఆ రోజుల్లో పల్లెలకు వచ్చే రీళ్ళకు శబ్దం ఉండేది కాదు. రీళ్ళతో పాటు మాటల కాగితాలు వచ్చేవి. పొలంలో తెర కట్టి, ప్రొజెక్టర్ పక్కన మైకు పట్టుకుని ఖంపన్ కూర్చునేవాడు. నాయకుడు ఆయనే, దుర్మార్గుడు ఆయనే, పడవవాడు, పూజారి, కుక్క, ఉరుము, అన్నీ ఆయనే. పెద్దకూతురు ఉరైకి పన్నెండేళ్ళు రాగానే ఆడగొంతులు ఆమెకిచ్చాడు. మొత్తం కాగితాలు ఆమె చేతికి ఇచ్చేవాడు కాదు. ఆమె మాటలు మాత్రం విడిగా తన చేత్తో రాసి ఇచ్చేవాడు. ఎదుటివాడు ఏమంటాడో ముందే తెలిస్తే జవాబులో ప్రాణం ఉండదని ఆయన నమ్మకం.

వానలు మొదలై వర్షావాసం రాగానే మూడు నెలలు తెర దించేవారు. ఆ రోజే ఇంట్లో జాబితాలు. వానలు వెళ్ళాక ఏ సినిమాలు వెయ్యాలో అక్కడే తేలేది. ఎవరి జాబితా వాళ్ళే నోటితో చదవాలి. ఎవరైనా ఒక సినిమాను కాదంటే వాదించి నిలబెట్టుకోవాలి. రాసిన మనిషి ఎదురుగా లేని జాబితా చెల్లదు. ఇప్పుడు బృందం లేదు, తెర లేదు, పొలాల్లో సినిమా చూసేవాళ్ళూ లేరు. అయినా జాబితాలు ఆగలేదు.

ఉరై వెళ్ళిపోయి పందొమ్మిదేళ్ళయింది. రాజధానిలో టీవీ సీరియళ్ళకు గొంతు ఇచ్చే పని దొరికిందని ఆమె బయలుదేరిన రోజే బృందం ఆగిపోయింది. తండ్రి ఆమెను మళ్ళీ ఇంటి మెట్లు ఎక్కవద్దన్నాడు. ఆమె ఎక్కలేదు. ఫాయి తన పెద్దమ్మను ఫోటోలో తప్ప చూడలేదు. రోజూ మధ్యాహ్నం మూడింటికి వచ్చే విదేశీ సీరియల్లో ఏడ్చే మహారాణి గొంతు పెద్దమ్మదేనని ఒకసారి అమ్మ చెవిలో చెప్పింది. నాలుగు నెలల క్రితం ఫాయి ఫోనులో ఆమెను వెతికి పట్టుకుంది. ఎదురుగా నోరు విప్పలేని పిల్ల, ఫోనులో మాత్రం పేజీలకు పేజీలు రాసింది. సినిమాల గురించి మొదలైన మాటలు ఎక్కడెక్కడికో వెళ్ళాయి. చివరికి పెద్దమ్మ తన పది సినిమాలు రాసి పంపింది. కింద ఒక్క వాక్యం ఉంది: "చదవడానికి నన్ను రానిస్తారేమో అడుగుతావా?"

ఆ ఉదయమే ఆమె బస్సు దిగి నూడుల్స్ కొట్టులో కూర్చుంది. తాతయ్య రమ్మంటే వస్తుంది. వద్దంటే మధ్యాహ్నం బస్సుకు తిరిగి వెళ్ళిపోతుంది. మళ్ళీ అడగనని ముందే చెప్పింది.

ఫాయి దగ్గర ఒక ఉపాయం ఉంది. ఆ ఇంట్లో అందరి జాబితాల్లోనూ ప్రతి ఏడూ మొదట ఉండే సినిమా 'ఏడో మైలు రేవు'. దాని రీలు ఎప్పుడో చెదలు పట్టి పోయింది. ఫాయి పుట్టాక ఎవరూ చూడలేదు. అయినా చెప్పగా చెప్పగా విని ఆమెకు కలలో కూడా ఆ రేవు కనిపించేది. పాత సినిమాలు భద్రపరిచే వాళ్ళు ఈమధ్యే దాన్ని బాగుచేసి, పాత మాటల కాగితాల ప్రకారం గొంతులు పెట్టించి అందరికీ చూడటానికి పెట్టారు. ఫాయి దాన్ని ఫోనులోకి దించుకుంది. ఒంటరిగా చూడబుద్ధి కాలేదు. తాతయ్యతో కలిసి చూడాలని అలాగే దాచింది. సినిమా అయిపోయేసరికి ఆయన మనసు మెత్తబడుతుంది. అప్పుడు పెద్దమ్మ మాట ఎత్తాలి. అంతే.

గుడి నుంచి వచ్చేసరికి వాన సన్నబడింది. ఇంటి చుట్టూ పొలాల మీద పొగమంచు లాంటి తెల్లదనం వాలింది. ఖంపన్ మోకాళ్ళకు మందు రాసుకుని, గోడకు ఆనుకుని చాప మీద కూర్చున్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. దగ్గినా కూడా పెద్ద జమీందారు దగ్గినట్టే ఉంటుంది.

"అల్లుడూ, మొదలుపెట్టు. నీ పాపాలు విందాం," అన్నాడు.

సవేంగ్ కాగితం విప్పాడు. "ఏడో మైలు రేవు. ముగ్గురు లారీ డ్రైవర్లు. తడిసిన పెళ్ళివారు. ఎముకల బావి. ఎముకల బావి రెండో భాగం..."

"రెండో భాగం కొట్టేస్తున్నా," అంది లమై.

"ఎందుకు?"

"మొదటి భాగంలోనే బావి పూడ్చేశారు. రెండో భాగానికి బావి ఎక్కడ్నించి వచ్చింది?"

"దయ్యం తవ్వుకుంది! దయ్యానికి ఆ మాత్రం ఓపిక ఉండదా?"

ఖంపన్ కళ్ళు మూసుకుని గొంతు మార్చి, బావిలోంచి వచ్చినట్టు మూలిగాడు. "సవేంగ్... నేనే తవ్వుకున్నాను సవేంగ్... గునపం కూడా ఇవ్వలేదు నువ్వు..."

అందరూ పడీ పడీ నవ్వారు. సవేంగ్ ఒళ్ళు జలదరించినట్టు నటించాడు. "చూశారా, నా సినిమా ఎంత గొప్పదో! మామయ్య ఓటు నాకే."

లమై జాబితా అయింది. ఖంపన్ జాబితా అయింది. ఆయన దాన్ని మంత్రం చదివినట్టు చదివాడు, ఎవరూ ఒక్కటీ కొట్టే సాహసం చేయలేదు. ఇక ఫాయి వంతు.

"నేను... చదవను," అంది ఫాయి. "చూపిస్తాను."

ఆమె ఫోను తీసి టీవీకి తీగ తగిలించింది. తెర మీద నదీ, దాని మీద తెల్లని అక్షరాల్లో సినిమా పేరూ వచ్చాయి.

"అమ్మో!" లమై చేత్తో నోరు మూసుకుంది. "నాన్నా, ఇది మన..."

ఖంపన్ ముందుకు వంగాడు. ఆయన మొహంలోకి మొదట సంతోషం వచ్చింది. ఆ వెంటనే అది ఎక్కడికో జారిపోయింది. ఫాయి అది గమనించింది కానీ అర్థం చేసుకోలేదు.

సినిమా మొదలయ్యాక ఇల్లు మారిపోయినట్టయింది. బయట వాన, తెర మీద వాన. బయట నది పొంగే కాలం, లోపల నది మీద పడవ. అమ్మ చెప్పిన గుర్తులన్నీ ఒక్కొక్కటే నిజమవుతున్నాయి. రేవులో వంగిన తాటిచెట్టు, నాయిక జడలోని తెల్లపువ్వు, ఎడమచేత్తో తెడ్డు వేసే ముసలి పడవవాడు. ఫాయికి తను ఇంతకుముందే అక్కడ పుట్టి పెరిగినట్టు అనిపించింది. కానీ తెరమీది గొంతులు ఎవరివో పరాయివి. తాతయ్య పెదవులు మాత్రం శబ్దం లేకుండా ప్రతి మాటకూ కదులుతున్నాయి.

చివరి దృశ్యం వచ్చింది. పాటలు పాడటానికి నాయిక పట్నం వెళ్ళిపోతోంది. తండ్రి రేవు మెట్ల మీద నిలబడ్డాడు. కెమెరా ఆయన వెనకే ఉంది. వీపూ, తడిసిన చొక్కా తప్ప మొహం కనబడదు. ఇప్పుడు ఆ తండ్రి అనబోయే మాట ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. 'పోయి రా తల్లీ. చాప మీద నీ చోటు అలాగే ఉంటుంది.' లమై అప్పుడే కన్నీళ్ళు తుడుచుకోవడానికి తువ్వాలు తీసుకుంది.

తెర మీద తండ్రి అన్నాడు: "ఈ మెట్లు దిగాక మళ్ళీ ఎక్కకు. నాకు కూతురు లేదనుకుంటాను."

పడవ కదిలింది. సినిమా అయిపోయింది.

చూరు నీళ్ళు కుండలో పడుతున్న చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

"ఇదేంటి?" అన్నాడు సవేంగ్. "వీళ్ళు తప్పు సినిమా పెట్టారు."

"తప్పు కాదు," అన్నాడు ఖంపన్. "కాగితాల్లో ఉన్నదే అది."

లమై తండ్రి వైపు తిరిగింది. ఆమె మొహం పాలిపోయింది. "నాన్నా... ఆ మాట. అక్కతో అన్నావు కదా? ఇదే మెట్ల మీద నిలబడి, అక్షరం పొల్లు పోకుండా ఇదే అన్నావు."

"అవును."

"సినిమా వేసిన ప్రతిసారీ అంత మెత్తటి మాట చెప్పావు. ఊరూరా ఏడిపించావు. అక్క ఆ సినిమాని నమ్ముకునే నీకు చెప్పి వెళ్దామని వచ్చింది తెలుసా? నాన్న కూడా ఆ రేవులో తండ్రిలాగే అంటాడని నాతో చెప్పి మరీ వచ్చింది. అట్లాంటి పిల్లకి ఇదా చెప్పేది?"

"నోరు మూసుకో లమై!" ఇది దుర్మార్గుడి గొంతు. గోడలు అదిరాయి. ఫాయి భయపడి తీగ పట్టుకుంది. "తను వెళ్ళిన రోజున నా తెర చచ్చిపోయింది. నాయిక లేని సినిమా వేసుకోనా నేను? నేనే ఆడగొంతు పెట్టి నవ్వులపాలు కానా? తనకి రికార్డింగు గాజుగదిలో కూర్చుని సీరియళ్ళు చదువుకోవడం కావలసి వచ్చింది. చదువుకోనీ!"

ఎప్పుడూ నవ్వులాటలాడే సవేంగ్ నెమ్మదిగా అన్నాడు. "మామయ్యా, కోప్పడనంటే ఒక మాట. ఆ సీరియల్ అంటే మీకు అసహ్యం కదా? మరి రోజూ మూడింటికి టీవీ ముందు కళ్ళు మూసుకుని ఎవరి గొంతు వింటున్నారు?"

ఖంపన్ చేతులు ఒళ్ళో ఉన్నాయి. లేని మైకు పట్టుకున్నట్టు వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. చివరికి మాట వచ్చింది. అది జమీందారుది కాదు, దుర్మార్గుడిది కాదు. సన్నగా, కొంచెం జీరగా ఉంది. ఫాయి ఆ గొంతు ఎన్నడూ వినలేదు.

"మొదటిసారి ఆ సినిమా వేసిన రోజు ఉరై నా పక్కన కూర్చుంది. పన్నెండేళ్ళు. కాళ్ళు నేలకి అందడం లేదు. 'వెళ్ళొస్తాను నాన్నా' అని మైకులో అంది. కాగితంలో ఉన్న మాట నా నోట రాలేదు. తెర మీద వాడి మొహం ఎట్లాగూ కనబడదు. అందుకని నాకు తోచింది అన్నాను. అదే చివరిదాకా చెప్పాను. అసలు మాట తనకి తెలియనివ్వలేదు."

"మరి తను నిజంగా వెళ్ళేటప్పుడు?" అంది లమై.

"నిజంగా వెళ్ళేటప్పుడు..." ఆయన తల అడ్డంగా ఊపాడు. "నా జీవితమంతా ఎవరో రాసిన మాటలే చదివాను లమై. కోపం వచ్చిన రోజున నోట్లోకి కాగితమే వచ్చింది. నా సొంత మాట ఒక్కటే ఉండేది. దాన్ని సినిమాలో వాడేశాను. నా పిల్లకి మిగల్లేదు."

లమై ఏడ్చేసింది. ఫాయి లేచి నిలబడింది. ఏ పుస్తకంలోనూ, ఏ ఫోనులోనూ రాయకుండా, జీవితంలో మొదటిసారి అందరికీ వినబడేలా అంది.

"తాతయ్యా, పెద్దమ్మ వచ్చింది. సందు చివర నూడుల్స్ కొట్టులో ఉంది. జాబితా తెచ్చుకుంది. మీరు రమ్మంటేనే వస్తానంది. లేకపోతే మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతుంది. నేనే పిలిచాను. తిట్టేది ఉంటే నన్ను తిట్టండి."

సవేంగ్ నోరు తెరుచుకునే ఉండిపోయాడు. "ఓసి నీ... దోమకి కూడా వినబడదనుకున్నామే!"

ఖంపన్ గోడ పట్టుకుని లేవడానికి ప్రయత్నించాడు. మోకాలు సహకరించలేదు. అల్లుడు చెయ్యి అందించాడు. ఆయన ఫాయి వైపు చూసి, తల ఒక్కసారి ఊపాడు. ఆ పిల్ల గొడుగు కూడా తీసుకోకుండా పరుగెత్తింది.

తిరిగి వచ్చేసరికి ఆమె వెనక ఒక యాభై ఏళ్ళావిడ. కురచ జుట్టు, చేతిలో చిన్న సంచి, కాళ్ళకు బురద. మెట్ల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. వాన నీళ్ళు ఆమె కనురెప్పల మీద నుంచి జారుతున్నా పైకి చూస్తూనే ఉంది. ఖంపన్ అల్లుడి భుజం పట్టుకుని పై మెట్టు మీద నిలబడ్డాడు. ఆ వానలో, ఆ తెల్లటి వెలుతురులో ఇద్దరూ ఏదో పాత బొమ్మలోని మనుషుల్లా ఉన్నారు.

ఖంపన్ గొంతు సవరించుకున్నాడు. "ఓ అమ్మాయీ! ఎక్కడి నుంచి రాక?" అన్నాడు నాయకుడి గొంతుతో గంభీరంగా.

"ఆ గొంతు వద్దు నాన్నా," అంది ఉరై. "నీది కావాలి."

ఆయన మొహం చిన్నపిల్లాడిలా ముడుచుకుంది. పెదవులు రెండుసార్లు కదిలాక మాట బయటికి వచ్చింది.

"నీ పది... నీ పదిలో సగం పనికిమాలినవి అయ్యుంటాయి. కింద నిలబడి చదివితే చెల్లదు. పైకి వచ్చి వాదించు."

ఉరై నవ్వబోయి ఏడ్చింది. ఒక మెట్టు ఎక్కింది. ఆగింది. ఇంకో మెట్టు ఎక్కింది. లమై ఎదురెళ్ళి అక్కను పట్టుకుంది. ఇద్దరి బట్టలూ తడిసిపోయాయి. "జుట్టెందుకే ఇట్లా కత్తిరించావు? నాయిక జుట్టు అట్లా ఉంటుందా?" అని తిడుతూనే చెల్లెలు అక్క తల తుడిచింది.

చాప మీద కూర్చుని ఉరై తన జాబితా చదివింది. ఖంపన్ మూడు సినిమాలు కొట్టాడు. ఆమె రెండు నిలబెట్టుకుంది. మూడోదానికి సవేంగ్ అడ్డం పడ్డాడు. "వదినా, అది వదిలెయ్యండి, నా ఎముకల బావికి చోటు కావాలి," అన్నాడు. "ఇంకా ఆ బావిలోనే ఉన్నావా మరిదీ?" అంది ఉరై. అందరూ నవ్వారు. ఇక మిగిలింది జాబితాలో మొదట ఉన్న 'ఏడో మైలు రేవు'. దాని అసలు చివర ఏమిటో లమై అక్కకు చెప్పింది. ఉరై కాగితంలో ఆ పేరు మీద వేలు పెట్టింది.

"అయితే నేను ఇష్టపడ్డ సినిమా ఎక్కడా లేదన్నమాట," అంది.

"లేదు," అన్నాడు ఖంపన్. "క్షమించు తల్లీ."

"గాజుగదిలో ఒక్కదాన్నే కూర్చుని మాటలు చెప్తాను నాన్నా. ఎదుటి మనిషి మాటలు ఇంకో రోజు ఇంకెవరో వచ్చి చెప్తారు. ఎన్ని వేల మాటలు చెప్పానో, పక్కనుంచి జవాబు వినబడి పందొమ్మిదేళ్ళయింది."

ఖంపన్ మనవరాలి వైపు తిరిగాడు. "ఫాయీ, చివరికి తిప్పు. శబ్దం తీసెయ్."

రేవు మళ్ళీ వచ్చింది, ఈసారి నిశ్శబ్దంగా. ఖంపన్, ఉరై పక్కపక్కనే కూర్చున్నారు. తండ్రి వీపు తెరంతా నిండింది. ఆయన మాట్లాడాల్సిన చోటు వచ్చింది. ఖంపన్ నోరు తెరిచాడు. మాట రాలేదు. మెత్తటిదీ రాలేదు, కఠినమైనదీ రాలేదు. ఉరై తండ్రి ముడుచుకున్న వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పి, తన చేతిలోకి తీసుకుంది.

తెర మీద నాయిక పడవలో నుంచి వెనక్కి తిరిగి చూసింది. 'వెళ్ళొస్తాను నాన్నా' అన్నట్టు ఆమె పెదవులు మళ్ళీ కదిలాయి.

"వచ్చేశాను నాన్నా," అంది ఉరై.

పడవ మాత్రం అలా దూరమైపోతూనే ఉంది.